ముద్దకి 32 సార్లు నమలమన్నది హోరేస్ ఫ్లెచరేనా?

వేపపుల్ల (ప్రశ్న):
వాట్సాప్‌లో ఆ సందేశం మళ్ళీ తిరుగుతోంది. "ముద్దని 32 సార్లు నమిలితే ఒళ్ళు తగ్గుతుంది, రోగాలు రావు, అమెరికాలో వందేళ్ళ కిందటే రుజువైంది" అని రాసి, కింద హోరేస్ ఫ్లెచర్ పేరు పెట్టారు. ఈయన గురించి తెలుగులో రెండు ముక్కలకు మించి దొరకడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. 32 లెక్క ఆయనదేనా? పద్ధతి అసలు ఎలా చేసేవారు? రుజువైందంటే ఎవరు, ఎక్కడ, ఏం కొలిచారు? అంత ఊపు మీద నడిచింది ఎందుకు చప్పబడింది? అన్నం, పప్పు, కూర తినేవాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే ఏమవుతుంది? "నిదానంగా తింటే మంచిదే కదండీ" అన్న జవాబు మాత్రం వద్దు.

పాతసంచిక:
32 ఆయనది కాదండీ. ఆ లెక్క బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ పేరు మీద చెలామణీ అయింది. నోట్లో పళ్ళు 32 కాబట్టి పంటికొకటి చొప్పున ముద్దకి 32. ఫ్లెచర్ గ్లాడ్‌స్టన్‌ని మెచ్చుకున్నాడు గానీ ఆ అంకె దగ్గర ఆగలేదు. ఆయన గీటురాయి రుచి. నోట్లో ఉన్నది నీళ్ళయిపోయి, రుచంతా దిగిపోయి, మనం మింగకుండానే దానంతటదే గొంతులోకి జారాలి. మెత్తటి రొట్టెకి ముప్పైసార్లు చాలవచ్చు. ఒక చిన్న ఉల్లి ముక్కకి తనకి 722 పట్టిందని ఆయనే చెప్పుకున్నాడు.

మనిషి గురించి క్లుప్తంగా. 1849లో మసాచుసెట్స్ రాష్ట్రం లారెన్స్‌లో పుట్టాడు. డాక్టరు కాదు, వ్యాపారి. శాన్ ఫ్రాన్సిస్కోలో అచ్చు సిరా, జపాన్ నుంచి తెచ్చిన కళావస్తువులు అమ్మి బాగా గడించాడు. నలభై దాటేసరికి ఒళ్ళు పెరిగి, బీమా కంపెనీ పాలసీ ఇవ్వనంది. 1898లో తన మీద తానే ఈ ప్రయోగం మొదలుపెట్టి, నాలుగైదు నెలల్లో 40 పౌండ్లకు పైగా, అంటే దాదాపు 18 కిలోలు తగ్గాడు. తర్వాత ఇరవయ్యేళ్ళు దీన్నే ప్రచారం చేశాడు. "ఫ్లెచరైజ్" అన్న క్రియాపదం ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది.

ఇక పద్ధతి. ఆయన సూత్రాలు ఐదు. అందరూ మూడోదొక్కటే పట్టుకుంటారు, అందుకే 32 మిగిలింది.

మొదటిది, నిజమైన ఆకలి వేసేదాకా ఆగాలి. గడియారం పన్నెండు కొట్టిందని కూర్చోకూడదు. ఉదయం ఆకలి లేకపోతే ఆ పూట తిండే లేదు. ఆయన చాలా రోజులు రెండు పూటలే తిన్నాడు. రెండోది, ఎదురుగా ఉన్నవాటిలో ఆకలి ఏది కోరితే అది, ఏ వరసలో కోరితే ఆ వరసలో. తీపి ముందు తినాలనిపిస్తే తీపే ముందు. మూడోది నమలడం. నాలుగోది, రుచిని పూర్తిగా అనుభవించాలి, ఆ సమయంలో దిగులూ కోపమూ దగ్గరకి రాకూడదు. అప్పుల మాటలు కంచం దగ్గర నిషేధం. ఐదోది, ఆకలి "ఇక చాలు" అనగానే ఆపెయ్యాలి. కంచంలో మిగిలినా సరే.

పాలు, సూపు, ద్రాక్షసారాయి కూడా నమలాల్సిందే. గుక్కెడు తీసుకుని, రుచి పోయేదాకా నోట్లో తిప్పి వదలాలి. నీటికి మాత్రం మినహాయింపు, దానికి రుచి లేదు కాబట్టి తాగెయ్యొచ్చు. మన ప్రకృతి వైద్యం మాటల్లో "తిండిని తాగాలి, నీళ్ళని నమలాలి" అంటారే, అందులో రెండో సగం ఫ్లెచర్ ఒప్పుకోడు. ఎంత నమిలినా కరగనిది నోట్లో మిగిలితే, దాన్ని మింగకూడదు, పిప్పిలా ఉమ్మెయ్యాలి. అసలు తంటా అక్కడే మొదలైంది.

చేసేవాళ్ళు ఎక్కువగా తప్పేది ముద్ద పరిమాణంలో. పెద్ద ముద్ద పెడితే కరిగిన భాగంతోపాటు కరగనిది కూడా జారిపోతుంది. తర్వాతి ముద్ద చేతిలో సిద్ధంగా ఉంటే నోరు తొందరపడుతుంది. లెక్కపెట్టడం మొదలెడితే ధ్యాస రుచి మీంచి అంకె మీదకి పోతుంది, ఇక ఆకలి ఎప్పుడు చాలందో తెలియదు.

తూకంరాళ్ళు:
రుజువు సంగతి నేను చెప్తాను. "రుజువైంది" అన్నది సగం నిజం, ఆ సగం కూడా నమలడానికి సంబంధించింది కాదు.

ఫ్లెచర్ వెనిస్‌లో ఉండగా వాన్ సోమరెన్ అనే డాక్టరు ఆయనకి తోడయ్యాడు. 1901లో వాన్ సోమరెన్ బ్రిటిష్ వైద్య సంఘం సమావేశంలో దీని మీద ప్రసంగించాక, కేంబ్రిడ్జ్‌లో సర్ మైకేల్ ఫోస్టర్ కొంత పరీక్ష చేయించాడు. అసలైన తూకం జరిగింది యేల్ విశ్వవిద్యాలయంలో, రసెల్ చిటెండెన్ అనే శరీర రసాయన శాస్త్రవేత్త దగ్గర. 1902-03 చలికాలంలో ఫ్లెచర్ అక్కడ ఉన్నప్పుడు తిన్న ప్రతిదీ తూచారు, మూత్రంలో నత్రజని కొలిచారు (ఒళ్ళు ఎంత ప్రొటీన్ వాడుకుందో దాన్నిబట్టి తెలుస్తుంది). తేలింది ఇది: బరువు సుమారు 75 కిలోలు, ప్రొటీన్ రోజుకి సుమారు 45 గ్రాములు, శక్తి సుమారు 1600 కెలోరీలు. అప్పట్లో జర్మన్ శాస్త్రవేత్త ఫోయిట్ పెట్టిన ప్రమాణం 118 గ్రాముల ప్రొటీన్, దాదాపు 3000 కెలోరీలు. ప్రమాణంలో దాదాపు సగమే తినే యాభై మూడేళ్ళ మనిషిని 1903లో యేల్ జిమ్నాజియంలో పడవ పందేల కుర్రాళ్ళ కసరత్తులు చేయిస్తే, చేసి చూపించాడు. అందరూ నోరెళ్ళబెట్టింది దానికే.

చిటెండెన్‌కి పట్టుకున్న ప్రశ్న "ఎన్నిసార్లు నమలాలి" అన్నది కాదు, "118 గ్రాములు నిజంగా కావాలా" అన్నది. 1903-04లో ఆయన మూడు గుంపుల్ని తీసుకున్నాడు: యేల్ బోధకులు ఐదుగురు, సైన్యపు వైద్య సేవల దళం (హాస్పిటల్ కోర్) నుంచి పదమూడుమంది, క్రీడాకారులైన విద్యార్థులు ఎనిమిదిమంది. నెలల తరబడి ప్రొటీన్ దాదాపు సగానికి దించాడు. బలం తగ్గలేదు, పెరిగింది. ఆ ప్రయోగం కొలిచింది కంచంలో ప్రొటీన్‌ని, దవడల లెక్కని కాదు. సైనికుల బలం పెరగడంలో రోజువారీ కసరత్తుకి కూడా వాటా ఉంది. అది మర్చిపోయి మొత్తం ఘనత ఆహారానికి ఇచ్చేస్తారు.

ఇప్పటి లెక్కతో పోల్చండి. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు కిలో బరువుకి 0.83 గ్రాములు. 75 కిలోలకి 62 గ్రాములు. సగటు అవసరం 0.66, అంటే 50 గ్రాముల దగ్గర. ఫ్లెచర్ 45 దానికన్నా కింద ఉంది. ఫోయిట్ అతిగా చెప్పాడు, ఫ్లెచర్ తక్కువ తిన్నాడు, నిజం మధ్యలో ఎక్కడో ఉంది. బరువు తగ్గడంలో మాయ లేదు. ఆకలి వేసేదాకా ఆగి, రెండు పూటలే తిని, 1600 కెలోరీల దగ్గర ఆపితే ఎవరైనా తగ్గుతారు.

పీచుమిఠాయి:
ఎందుకు చప్పబడిందన్న దానికి ఒక్క మాటలో జవాబు: పీచు.

నమిలి మిగిలిన పిప్పిని ఉమ్మెయ్యమన్నాడు కదా, అంటే పేగులోకి పీచు దాదాపుగా పోదు. పీచు లేకపోతే మలం పరిమాణం తగ్గిపోతుంది, పేగు కదలదు. ఫ్లెచర్ దీన్ని జబ్బు అనుకోలేదు, గొప్ప అనుకున్నాడు. తిండి పూర్తిగా వంటబట్టింది కాబట్టి మిగిలేది "బూడిద" మాత్రమేనట. వారానికోసారి వచ్చినా మంచిదేనట, దానికి వేడి బిస్కట్‌కి మించిన వాసన ఉండదట. నమ్మనివాళ్ళకి తన మలం నమూనాని పోస్టులో పంపించాడు కూడా. (పోస్టుమాన్ సంగతి ఎవరూ రాయలేదు.)

మిషిగన్ బాటిల్ క్రీక్‌లో శానిటోరియం నడిపిన జాన్ హార్వే కెల్లాగ్ మొదట ఈయనకి పెద్ద భక్తుడు. భోజనశాలలో "ఫ్లెచరైజ్" అని పెద్ద అక్షరాలతో బోర్డు కట్టించాడు, నమిలే పాట పాడించాడు. కానీ కెల్లాగ్ సిద్ధాంతం రోజుకి మూడు నాలుగుసార్లు విరేచనం కావాలని. తవుడు, పీచు తినమని ఆయన చెప్తుంటే వారానికోసారి చాలని ఈయన అన్నాడు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర ఎన్నాళ్ళు కూర్చోగలరు? కెల్లాగ్ దూరమయ్యాడు. నవలాకారుడు హెన్రీ జేమ్స్ కొన్నేళ్ళు గట్టిగా పాటించి, చివరికి కడుపు చెడి వదిలేశాడు. ఆయన అన్న, మానసిక శాస్త్రవేత్త విలియం జేమ్స్ మూడు నెలలకే చేతులెత్తేశాడు.

మన తిండికి వస్తే, ఫ్లెచర్ సూత్రం అచ్చంగా సరిపోయేది ఒక్క మునక్కాయకే. నమిలి, గుజ్జు, రసం పీల్చి, పిప్పి కంచం పక్కన పెట్టడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. అదే సూత్రాన్ని గోరుచిక్కుడు, తోటకూర కాడ, జొన్నరొట్టె, పొట్టు తీయని పెసలకి పెడితే, వాటిలో పనికొచ్చేదాన్నే ఉమ్మేసినట్టు. 2000 కెలోరీల తిండిలో సుమారు 30 గ్రాముల పీచు ఉండాలి. పాలిష్ బియ్యం అన్నంతో ఆ లెక్క ఎలాగూ అందదు, కూరా పప్పే దిక్కు. అందులోంచి కూడా పిప్పి తీసేస్తే మలబద్ధకం ఖాయం. కాబట్టి నమలండి, ఉమ్మకండి.

వేపపుల్ల:
బాగా తెలిసింది, థాంక్సండీ. ఒక్క సందేహం. ఎక్కువ నమిలితే లాలాజలంతోనే జీర్ణం మొదలవుతుందంటారు. అది నిజమే కదా? అయితే ఎక్కువ నమలడం వల్ల ఎంతో కొంత లాభం ఉండాలి.

గంజివార్పు:
మొదలవుతుంది, పిండిపదార్థానికి మాత్రమే. మాంసకృత్తుల మీద లాలాజలం పని చెయ్యదు. ఫ్లెచర్ మాంసం ముక్కని కూడా నోట్లోనే అరిగించేస్తున్నానని అనుకున్నాడు, అది పొరపాటు. పిండిపదార్థంలో కూడా నోట్లో అయ్యేది కొంతే, మిగతా పని చిన్నపేగులో క్లోమరసం చేస్తుంది. అందుకే ముప్పైసార్లకీ నూరుసార్లకీ అన్నం విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

ఇంట్లోనే చూడొచ్చు. పల్చటి గంజి అరగ్లాసు పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉంటే లాలాజలంలోని ఎంజైమ్ చచ్చిపోతుంది, అప్పుడు ప్రయోగం తప్పు చూపిస్తుంది. మూడు చిన్న గాజు గ్లాసుల్లో రెండేసి చెంచాలు పొయ్యండి. మొదటిదాంట్లో చెంచా నీళ్ళు. రెండోదాంట్లో, నోరు కడుక్కుని, చెంచా లాలాజలం. మూడోదాంట్లో ముందు చెంచా వెనిగర్, తర్వాత చెంచా లాలాజలం. ఇరవై నిమిషాలు ఆగి ఒక్కోదాంట్లో రెండు చుక్కల అయోడిన్ టింక్చర్ వెయ్యండి. మొదటిది ముదురు నీలం. రెండోది నీలం కాకుండా గోధుమ రంగులోనో, ఎర్రగానో ఉంటుంది, పిండి విరిగిపోయింది కాబట్టి. మూడోది మళ్ళీ నీలం, ఎందుకంటే పులుపులో ఎంజైమ్ పని ఆగిపోతుంది. కడుపులోని ఆమ్లం చేసేదీ అదే, కాకపోతే ముద్ద లోపలికి ఆమ్లం చేరేదాకా కొంచెంసేపు పని సాగుతుంది. గ్లాసుల్లోది పారబొయ్యండి, నోట్లో పెట్టకండి.

తూకంరాళ్ళు:
వెనిగర్ లేదని నిమ్మరసం వాడకండి. నిమ్మలోని విటమిన్ సి అయోడిన్ రంగునే తీసేస్తుంది. అప్పుడు మూడో గ్లాసు కూడా తెల్లబడి, "పులుపులో కూడా జీర్ణమైంది" అని తప్పుగా తేలుతుంది. ఇంకోటి, రెండోది కూడా నీలంగానే వస్తే గంజి చిక్కగా ఉందన్నమాట. నీళ్ళు కలిపి మళ్ళీ చెయ్యండి.

గంజివార్పు:
అవును, అది రాయడం మర్చిపోయాను.

బాదం, వేరుశనగ లాంటివాటిలో కథ తిరగబడుతుంది. ఎంత నమిలితే అంతగా కణాల గోడలు పగిలి, లోపలి నూనె ఒంటికి పడుతుంది. తక్కువ నమిలితే కొంత నూనె పీచుతోపాటే బయటికి పోతుంది. బరువు తగ్గడానికి పల్లీలు వందసార్లు నమిలేవాళ్ళు ఇది గమనించాలి.

దవడకీలు:
సాధారణంగా మనం సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు నమిలే వేగంలో ఉంటాం. 50 ముద్దల భోజనానికి ముద్దకి 32 చొప్పున 1600 నమళ్ళు, అంటే ఇరవై నిమిషాల పైన. అది బాగానే ఉంది, కడుపు నిండిన కబురు మెదడుకి చేరడానికి కూడా సుమారు అంతే పడుతుంది. ముద్దకి 100 అంటే 5000, గంటకి పైనే. మూడు పూటలా అలా చేస్తే చెవి ముందున్న కీలు నొప్పెడుతుంది, కణతల దగ్గర బరువుగా ఉంటుంది, నోరు తెరిస్తే టిక్కుమంటుంది. అప్పుడు ఆపెయ్యాలి, కొన్నాళ్ళు మెత్తటివే తినాలి. ఒకే పక్క నమిలేవాళ్ళకి ఇది ఇంకా తొందరగా వస్తుంది. నమిలేటప్పుడు పెదాలు మూసి ఉంచకపోతే గాలి మింగి త్రేనుపులు కూడా.

వేపపుల్ల:
ఆఖరిది. ఆయన ముందు మనసు గురించి పుస్తకాలు రాశాడట కదా. దానికీ దీనికీ సంబంధం ఉందా?

పాతసంచిక:
ఉంది, నాలుగో సూత్రం అక్కణ్ణించే వచ్చింది. నమలడానికి ముందే 1895లో "మెంటికల్చర్" అని మనోవ్యవసాయం లాంటి పేరుతో పుస్తకం వేశాడు. మనసులోని కలుపంతా రెండు మొక్కల పిలకలే, కోపం, దిగులు. వాటిని అణచుకోవడం కాదు, వేళ్ళతో పెరికెయ్యాలి అన్నది అందులోని వాదం. ముందుచూపు వేరు, భయచింత వేరు, మొదటిది ఉంచుకుని రెండోది వదిలెయ్యమన్నాడు. ఆ "భయచింత"కి ఇంగ్లీషులో ఆయన వాడిన మాటని విలియం జేమ్స్ 1902లో తన మతానుభవాల పుస్తకంలో ఉదహరించాడు. జేమ్స్‌కి నమలడం పడలేదు గానీ ఈ మాట పడింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్లెచర్ బెల్జియం వెళ్ళి, తర్వాత అమెరికా అధ్యక్షుడైన హూవర్ నడిపిన సహాయ సంస్థతో కలిసి, తిండి కరువైనవాళ్ళకి ఉన్న కొంచెంతోనే నెట్టుకురావడం నేర్పాడు. అక్కడ ఈ పద్ధతికి అర్థం ఉంది, కంచంలో ఉన్నదే తక్కువ కాబట్టి. 1919 జనవరిలో కోపెన్‌హాగెన్‌లో బ్రాంకైటిస్‌తో పోయాడు, అరవై తొమ్మిదేళ్ళకి.

ఆ వాట్సాప్ సందేశంలో "రోగాలు రావు" అన్న ముక్క కొట్టేసి, 32 కింద గ్లాడ్‌స్టన్ పేరు పెట్టి పంపండి.