ఇంట్లో చేసిన క్యారియర్లతో అరకు సైకిల్ రైడ్: రానివ్వాలా, వద్దా?

కొత్త_పెడల్
అందరికీ నమస్కారం. నాది విజయవాడ. వైజాగ్ నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్లి, అక్కడ గుడారాల్లో పడుకుని తిరిగొచ్చే రైడ్ ఒకటి జనవరిలో ఉంది, నేనూ పేరిచ్చాను. నాది పద్నాలుగు వేల మామూలు హైబ్రిడ్ సైకిల్. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు) మీద బోల్టు రంధ్రాలు లేవు, వెనక క్యారియర్ బిగించే చోటూ లేదు. సీటు కిందికి, హ్యాండిల్‌కి, ఫ్రేమ్‌కి కంపెనీ సంచులు మూడూ కొంటే దాదాపు ఇంకో సైకిల్ వచ్చేస్తుంది. అందుకని సొంతంగా చేసుకున్నా. సీటు కింది సంచి లారీ టార్పాలిన్‌ది, ఆటోనగర్‌లో రెగ్జిన్ పని చేసే ఆయన కుట్టారు, గట్టిగా నిలబడాలని లోపల సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటు పెట్టాం. ఫోర్క్‌కి రెండు వైపులా సామాను పట్టే కేజ్‌లలా మూడంగుళాల పీవీసీ పైపు చీల్చి, వేడి చేసి వంచి, హోస్ క్లాంపులతో (స్క్రూ తిప్పితే బిగుసుకునే పట్టీలు) బిగించాను. అన్నీ కలిపి వెయ్యి దాటలేదు. రైడ్ గ్రూపులో ఫొటో పెడితే "ఇంట్లో చేసిన లగేజీకి అనుమతి లేదు" అన్నారు. ఎందుకంటే "సేఫ్టీ". అంతే, ఇంకో ముక్క లేదు. ఇది సబబేనా?

బెల్లు_లేని_సైకిల్
వెయ్యికే అయిపోయిందా! ఆ రెగ్జిన్ ఆయన చేతికి దండం పెట్టాలి.

రాండో_రాజమండ్రి
ఆ నియమం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి, కాబట్టి నేనే చెప్తాను. ఫొటో చూశాను. వెనక సంచి సంగతి పక్కన పెట్టండి, ఆ ఫోర్క్ మీద హోస్ క్లాంపులేంటి? అవి మోటారు పైపులకి వేసేవి, కదలని చోట వాడేవి. అరకు నుంచి తిరిగొచ్చేటప్పుడు గాలికొండ దాటాక త్యాడ వైపు దిగుడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, హెయిర్‌పిన్ మలుపు తర్వాత హెయిర్‌పిన్ మలుపు, మధ్యలో ప్యాచ్ వేసిన తారు. వెనక సంచి ఊడితే రోడ్డు మీద పడుతుంది, తీసుకుని మళ్లీ కట్టుకుంటాం. ముందుది ఊడితే స్పోకుల్లోకి వెళ్తుంది, చక్రం టక్కున ఆగుతుంది, మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి ముందు పడతాడు. వెనకొచ్చేవాడు అతని మీద పడతాడు. డబ్బులు మిగిలాయని సంతోషపడటానికి ఎవరో ఒకళ్లు మిగలాలి కదా.

ఆటోనగర్_అబ్బులు
రాండో గారూ, మన వీధుల్లో గ్యాస్ బండలు సైకిల్ మీదే వచ్చేవి, మర్చిపోయారా? లోపల గ్యాసే 14.2 కిలోలు, ఇనుప బండ బరువు ఇంచుమించు ఇంకో అంత. కొక్కేనికి తగిలించి, అటొకటి ఇటొకటి వేసుకుని గతుకుల్లో తొక్కారు. పాలవాళ్ల సైకిళ్లకి నలభై లీటర్ల క్యాన్లు కట్టారు. కల్లు ముంతలు కట్టుకుని గట్ల మీద తొక్కినవాళ్లున్నారు. ఏ కంపెనీ స్టిక్కరుందండీ వాటికి? పక్క వెల్డింగ్ షాపులో చేయించుకున్నవే. ఈ బైక్‌ప్యాకింగ్ అనే మాట రాకముందు నుంచే సైకిల్ మీద బరువు కట్టడం మనవాళ్లకి వచ్చు.

రాండో_రాజమండ్రి
గ్యాస్ బండ సైకిల్ గంటకి పది కిలోమీటర్లు పోతుంది. ఘాట్ దిగుడులో నలభై, యాభై. అది ఇనుప క్యారియరు, ఇది వేడి చేసి వంచిన పీవీసీ. పోలికే లేదు. నేనడిగింది హోస్ క్లాంపు గురించి, దానికి జవాబు చెప్పండి.

డాలస్_దాసు
ఇక్కడ అమెరికాలో పెంపుడు పిల్లులు దొడ్డికి పోవడానికి వేసే ఇసుక వచ్చే ప్లాస్టిక్ బకెట్లకి కొక్కేలు పెట్టి సైకిల్‌కి తగిలించుకునేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వాన పడినా చుక్క లోపలికి పోదు. నేనూ వాటితోనే సరుకులు తెచ్చుకుంటా. నవ్వేవాళ్లెవరూ లేరు.

స్పోక్_శిరీష
ఇద్దరూ పట్టుకోవాల్సింది వదిలేసి మిగతా అంతా మాట్లాడుతున్నారు. నేను మెకానికల్ చదివాను, నా సామాను కూడా చాలావరకు నేనే చేసుకున్నా, కాబట్టి కొంచెం వివరంగా.

హోస్ క్లాంపు అంత తేలిగ్గా తెగేది కాదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకుని, ఫోర్క్ కాలికి పాత ట్యూబు ముక్క చుట్టి దాని మీద బిగిస్తే జారదు, రంగూ పోదు. కార్బన్ ఫోర్క్ అయితే మాత్రం వద్దే వద్దు, ఒకేచోట నొక్కుడు పడితే లోపల చిట్లుతుంది, బయటికి కనపడదు. సస్పెన్షన్ ఫోర్క్ అయితే కింది కాలికి మాత్రమే. క్లాంపు తోక బయటికి మిగిలితే కత్తిరించి టేపు చుట్టాలి, లేకపోతే పిక్క కోసుకుంటుంది.

నాకు నమ్మకం లేనిది ఆ పీవీసీ. స్టవ్ మీద కాల్చి వంచితే మంట తగిలిన చోట పలచబడుతుంది, మూల దగ్గర సాగి బలం పోతుంది, కొంచెం ఎక్కువ కాలిందా ఘాటు పొగ వస్తుంది, అది పీల్చడం కూడా మంచిది కాదు. ఎండలో సైకిల్ నిలబెడితే మెత్తబడుతుంది. దాని బదులు మూడు మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పట్టీ తెచ్చుకుని, వంపు మరీ పదునుగా కాకుండా గుండ్రంగా వంచితే చాలు. పదునుగా వంచితే అక్కడే పగులు మొదలవుతుంది. కంపెనీ కేజ్‌లకి కూడా మూడు కిలోలు అటూ ఇటూగానే పరిమితి రాస్తారు, కాబట్టి ఇంట్లో చేసినదాంట్లో కిలో, కిలోన్నర మించొద్దు. స్లీపింగ్ బ్యాగు, బట్టలు అలాంటివే పెట్టాలి, నీళ్లూ టిన్నులూ కాదు.

అన్నిటికంటే ప్రమాదం వేలాడే పట్టీ. స్పోకుల్లోకి వెళ్లేవాటిలో ఎక్కువ అవే, కేజ్ కాదు. పట్టీ చివర మడిచి రబ్బరు బ్యాండు వేయాలి. కంపెనీ సంచికైనా ఇదే మాట.

ఊరి_పోస్ట్‌మ్యాన్
జిప్ టైలు వాడేవాళ్లు నల్లవే కొనండి. తెల్లవి ఎండకి పెళుసై పుటుక్కుమంటాయి.

కొత్త_పెడల్
థాంక్స్ శిరీష గారూ. నాది స్టీల్ ఫోర్కే. ట్యూబు చుట్టాను. పీవీసీ మాత్రం మీరన్నట్టే స్టవ్ మీదే వంచాను 🙂 ఇంకొకటి, సీటు కింది సంచి తొక్కేటప్పుడు అటూ ఇటూ ఊగుతోంది, ఏం చేయాలి?

స్పోక్_శిరీష
బరువు తోకలో ఉంటే ఊగుతుంది. పంపు, పనిముట్లు, ట్యూబులు సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) వైపు అడుగున, పల్చటివి చివర్న. గాలి ఉండకుండా కుక్కి చుట్టాలి. సీట్‌పోస్ట్‌కి ఒక పట్టీ కాదు, పైనా కిందా రెండు. సంచి నిండాక మీరు సీటు మీద కూర్చోగా టైరుకీ సంచి అడుక్కీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. టార్పాలిన్ టైరుకి రాసుకుంటే ఎస్.కోట చేరేలోపే చిల్లు.

రాండో_రాజమండ్రి
శిరీష గారూ, మీరు చెప్పినవన్నీ మీకు తెలుసు. గ్రూపులో వచ్చే ముప్పై మందికీ తెలుసా? ట్యూబు చుట్టినవాడెవడు, చుట్టనివాడెవడు అని ఒక్కొక్కడి ఫోర్క్ విప్పి చూడాలా? కంపెనీది అయితే ఎంత బరువు మోస్తుందో దాని మీదే రాసి ఉంటుంది. హోస్ క్లాంపు మీద ఏం రాసి ఉంటుంది, పైపు సైజు. అందుకే వద్దంటున్నాను.

ఆటోనగర్_అబ్బులు
రాసి ఉంటే విరగదా? నేను శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవిలో నా వెనక క్యారియర్ కాలు విరిగింది. కంపెనీదే, అల్యూమినియం, ఇరవై ఐదు కిలోలని దాని మీదే అచ్చేసి ఉంది, నేను కట్టింది అందులో సగం కూడా లేదు. అతుకు దగ్గర చిట్లింది. తీరా ఊళ్లోకి నడిపించుకుంటూ వెళ్తే వెల్డింగ్ ఆయన చేతులెత్తేశాడు, ఎందుకంటే అల్యూమినియం అతకాలంటే వేరే మిషను కావాలి, మామూలు రాడ్డు వెల్డింగ్‌కి అతుక్కోదు. ఇనుప ఊచ క్యారియర్ అయి ఉంటే కిలో బరువెక్కువైనా ఏ ఊళ్లోనైనా పది నిమిషాల పని. ఇంట్లో చేసిందాని గొప్పతనం అదే, ఎలా చేశామో మనకి తెలుసు కాబట్టి దారిలో బాగుచేసుకోవడమూ తెలుసు.

రాండో_రాజమండ్రి
బోల్టు వదులై ఊగితే ఎవరి క్యారియరైనా చిట్లుతుంది. బయల్దేరే ముందు ఎం5 బోల్టులు బిగించారా, వదులవకుండా పట్టే నైలాక్ నట్లు వేశారా? మెయింటెనెన్స్ చేయకుండా కంపెనీని అనడం తేలిక.

ఆటోనగర్_అబ్బులు
బిగించానండీ. నాకు సైకిల్ బోల్టులు బిగించడం మీరు నేర్పక్కర్లేదు, మా నాన్న జీవితమంతా లారీ బాడీలు కట్టాడు. అసలు సంగతి చెప్పమంటారా? మీకు నొప్పి క్లాంపు కాదు. చూడ్డానికి బాగోదు. రైడ్ ఫొటోల్లో ఒకటే రంగు సంచులు వరసగా ఉండాలి, మధ్యలో లారీ పట్టా, పెయింటు బకెట్టు కనపడకూడదు.

రాండో_రాజమండ్రి
ఇది అన్యాయమైన మాట. వెనక్కి తీసుకోండి.

ఆటోనగర్_అబ్బులు
తీసుకోను. మారేడుమిల్లి రైడ్‌కి నేను ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు రెండు తగిలించుకుని వచ్చాను. మడమ తగలకుండా వెనక్కి జరిపి కొక్కేలు పెట్టి, లోపల ప్లైవుడ్డు ముక్క వేసి రివిట్లు కొట్టాను. స్టార్టింగ్ పాయింట్ దగ్గర "ఏంటి బాబాయ్, పాలు పోయడానికొచ్చావా" అని ఒకడన్నాడు, పక్కనున్నవాళ్లంతా నవ్వారు. మీరూ అక్కడే ఉన్నారు. చివరిదాకా ఏ బకెట్టూ ఊడలేదు. ఆ తర్వాతి రైడ్‌కే కదా ఈ "ఇంట్లో చేసిన లగేజీ" నియమం వచ్చింది?

బెల్లు_లేని_సైకిల్
అమ్మో. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

మోడరేటర్
బెల్లు గారూ, ఇలాంటివి వద్దు. మిగతావాళ్లు వ్యక్తిగతం తగ్గించి రాయండి.

రాండో_రాజమండ్రి
నేను నవ్వలేదు.

ఆటోనగర్_అబ్బులు
ఆపనూ లేదు.

రాండో_రాజమండ్రి
సరే, అదే రైడ్ గురించి మీకు తెలియనిది చెప్తాను. తిరుగు దారిలో ఒకబ్బాయి హ్యాండిల్‌కి కట్టుకున్న మూట జారి ముందు చక్రంలో పడింది. బట్టలారేసే తాడుతో కట్టాడు. మొహం మీద పడ్డాడు. మీరంతా భోజనాలకి వెళ్లిపోయారు, ఎవరిదీ తప్పనను, ముందున్నవాళ్లకి తెలీదు. ఫోన్ సిగ్నల్ లేదు. నేనొక్కణ్ణే అతని దగ్గర కూర్చున్నా, పళ్లూ పెదవీ పగిలి రక్తం కారుతుంటే నా జెర్సీతో అదిమి పట్టుకుని. చీకటి పడ్డాక టమాటాల వ్యాన్ ఒకటి ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లాను. వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి, నువ్వే కదా తీసుకెళ్లింది, నువ్వే జవాబు చెప్పు అన్నారు. ఆస్పత్రి బిల్లు నేను కట్టాను. ఇంతవరకు గ్రూపులో ఒక్కరూ ఎంతైందని అడగలేదు. ఆ రోజు రాత్రే గ్రూపులో మీ అందరి క్యాంప్‌ఫైర్ ఫొటోలు వచ్చాయి. నియమం ఎందుకొచ్చిందంటే అందుకొచ్చింది. మీ బకెట్ల కోసం కాదు.

ఊరి_పోస్ట్‌మ్యాన్
ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. ఆ రైడ్‌లో నేనూ ఉన్నాను.

స్పోక్_శిరీష
రాండో గారూ, ఆ అబ్బాయి వాడింది బట్టల తాడు. ఇంట్లో చేసిన కేజ్ కాదు. అదే తాడుతో పన్నెండు వేల సంచి కట్టినా పడేవాడే. మీరు పెట్టిన నియమం ఆ తాడుని ఆపదు, కొత్త_పెడల్‌ని ఆపుతుంది. మీకు కావాల్సింది వెనక మీతో పాటు ఆగే ఇంకో ఇద్దరు, ఒక బండి, అందరూ ముందే వేసే కొంత డబ్బు. అది అడగకుండా సంచుల మీద పడ్డారు.

రాండో_రాజమండ్రి
అడిగితే ఎవరిస్తారండీ. కిందటిసారి సపోర్ట్ బండికి తలా మూడొందలు అంటే సగం మంది పేర్లు తీసేసుకున్నారు.

ఆటోనగర్_అబ్బులు
మూడొందలు ఎక్కువే కొందరికి. ఆ మాట అనడానికీ సిగ్గుపడి పేరు తీసేసుకుంటారు. పన్నెండు వేల సంచి లేకపోతే రావద్దంటే వాళ్లు అసలే రారు. మీకు ఆ తేడా కనపడట్లేదు. బిల్లు సంగతి నాకు తెలీదు, నా వంతు ఎంతో నంబరుకి పంపండి, ఇస్తాను. నియమం మాత్రం తప్పే.

రాండో_రాజమండ్రి
నాకు డబ్బులొద్దు.

డాలస్_దాసు
ఇక్కడ కొన్ని క్లబ్బుల్లో ఎవరి పూచీ వాళ్లదేనని ముందే సంతకం పెట్టించుకుంటారు.

రాండో_రాజమండ్రి
కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణి రోడ్డు మీద వదిలేసి రావడం మీకు చేతనవుతుందేమో, నాకు కాదు.

కొత్త_పెడల్
ఇంత దూరం వెళ్తుందనుకోలేదు. నా వరకు చెప్తాను. పీవీసీ కేజ్‌లు తీసేస్తున్నా, అల్యూమినియం పట్టీతో మళ్లీ చేస్తా, స్లీపింగ్ బ్యాగు మాత్రమే ముందు కడతా. ఈ ఆదివారం మూటలన్నీ కట్టి కొండపల్లి కోట రోడ్డు ఎక్కి దిగి చూస్తా. సపోర్ట్ బండికి మూడొందలు ఇస్తా. వెనక ఆగే ఇద్దరిలో ఒకణ్ణి నేనుంటా, ఎలాగూ నేను స్లోనే. ఇప్పుడైనా రావచ్చా?

స్పోక్_శిరీష
ఎస్.కోటలో టిఫిన్ దగ్గర అందరి సైకిళ్లూ ఒకసారి చూద్దాం, కంపెనీవీ ఇంట్లోవీ అన్నీ. సైకిల్‌ని రెండంగుళాలు ఎత్తి వదిలితే ఏది వదులుందో చప్పుడే చెప్తుంది. అరగంట చాలు.

రాండో_రాజమండ్రి
చూడటానికి నేనుంటాను. వెనక సంచులు ఎవరివైనా ఒప్పుకుంటా. ఫోర్క్ మీద హోస్ క్లాంపు కనిపిస్తే మాత్రం అక్కడే విప్పిస్తా.

ఆటోనగర్_అబ్బులు
తమ్ముడూ కొత్త_పెడల్, శనివారం ఆ ఫోర్క్ పట్టుకుని షాపుకి రా. స్టీల్ ఫోర్కే కాబట్టి, కాలికి సరిపడా రెండు ముక్కల ఇనుప బిగింపు పట్టీలు చేసి, రెండు పక్కలా బోల్టులు వేసిస్తా, లోపల రబ్బరు పరుస్తా. క్లాంపు అనే మాటే ఉండదు. అప్పుడేమంటారో చూద్దాం.

రాండో_రాజమండ్రి
బోల్టులు 8.8 గ్రేడువి, గట్టి ఉక్కువి వేయండి.