పెద్దమనిషి ‘అయింది’, పెద్దమనిషి ‘అయ్యాడు’: ఒక మాట, రెండు క్రియలు

జగిత్యాల నుంచి ఒక సభ్యులు ఈ చర్చలో అడిగిన ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గాని తేలికైనది కాదు. ఆడపిల్ల రజస్వల అయినప్పుడు ‘పెద్దమనిషి అయింది’ అంటాము, ఊళ్లో తగవు తీర్చేవారిని కూడా ‘పెద్దమనిషి’ అనే అంటాము. ఈ రెండూ ఒకే మాటేనా, ఒకటే అయితే మగపిల్లవాడు పెద్దమనిషి ఎప్పుడవుతాడు అని వారు అడిగారు. వచ్చిన సమాధానాలలో చాలావరకు ప్రశ్నలోని మొదటి సగం దగ్గరే ఆగిపోయాయి. నాకు రెండో సగమే ముఖ్యమనిపించింది. మగవాడు కావడమంటే ఏమిటని మన భాష అనుకుంటున్నదో దాని జాడ అక్కడే దొరుకుతుంది.

మొదట మాట సంగతి. ‘మనిషి’ అనేది ‘మనుష్య’ శబ్దానికి తద్భవం. నరుడు, మానవుడు, పురుషుడు అనే మాటల చివర ఉన్న ‘డు’ దీనికి లేదు కనుక ఆడవారికీ మగవారికీ ఇది సమానంగా చెల్లుతుంది. ఎవరి గురించి అంటున్నామో క్రియ చెబుతుంది. హనుమకొండ బస్టాండులో ‘ఆ మనిషి అచ్చిండు’ అన్నా, ‘ఆ మనిషి అచ్చింది’ అన్నా వినేవారికి అనుమానం రాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం స్త్రీలూ, పశుపక్ష్యాదులూ, జడపదార్థాలూ కానివాటిని, అంటే పురుషవాచకాలను, మహత్తులన్నది. మహత్తు అంటే పెద్దది. ఏకవచనంలో స్త్రీకి వాడే ‘వచ్చింది’ బండికీ బర్రెకూ వాడే క్రియే. బహువచనంలో మాత్రమే ఆమె పురుషుల పక్కకు చేరి ‘వచ్చారు’ అనిపించుకుంటుంది. అంటే వ్యాకరణంలో పెద్దరికం మగవాడికి పుట్టుకతోనే దక్కింది. వాడుకలో మాత్రం ‘పెద్దమనిషి’ అన్న పేరును ముందుగా అందుకునేది ఆడపిల్ల.

ఆ అందుకోవడంలో ఆమె ప్రమేయమేమీ లేదు. శరీరం తన పని తాను చేసుకుపోయింది, ఇంటివారు దానికి పేరు పెట్టి, చాపమీద కూర్చోబెట్టి, చుట్టాలను పిలిచారు. మంచికో చెడుకో ఆ పిల్ల విషయంలో ఒక సంగతి తేలిపోయింది. రేపు ఎవరూ వచ్చి ‘నువ్వు నిజంగా పెద్దమనిషివేనా, రుజువు చూపు’ అని అడగరు. (ఆ పేరుతో పాటు ఆమె మీద పడే ఆంక్షల గురించి వేరే చర్చ జరగాలి, జరుగుతున్నది కూడా.) మగపిల్లవాడికి ఇప్పుడు మన జిల్లాలలో ధోతి ఫంక్షన్ చేస్తున్నారు. ఫ్లెక్సీ కడతారు, టెంటు వేస్తారు, మేనమామ బట్టలు పెడతాడు, విందు ఘనంగానే ఉంటుంది. అయినా మర్నాడు ఏ తల్లీ ‘మా పిలగాడు పెద్దమనిషి ఐండు’ అనదు. అంటే విన్నవారు నవ్వుతారు. వేడుక వచ్చింది గాని దానికి క్రియ రాలేదు. కొన్ని కులాలలో ఒడుగు (ఉపనయనం) ఉన్నది, కాని అది అందరి మాట కాదు. ‘మీసాలు వచ్చినయి’ అనేది ఒక్కటే అందరిదీ, అదీ సగం వాక్యమే. ‘మీసాలు వచ్చినా బుద్ధి రాలే’ అని దాని మిగతా సగం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

‘అయ్యాడు’ అనే క్రియ దొరకనివాడికి మన భాష ‘అయితే’ను ఇచ్చింది. ‘మొగోనివైతే రా’, ‘మొగోనివైతే ఇంకో గ్లాసు తాగు’, ‘మొగోనివైతే ఇప్పుడే సంతకం పెట్టు’. ఇరవై ఏళ్లప్పుడు అడిగిన ఈ ‘అయితే’ను యాభై ఏళ్లకు కూడా అడగవచ్చు, మధ్యలో అతడు ఎన్నిసార్లు రుజువు చూపినా ఆ రుజువు జమకాదు. నేను గమనించినంతలో, ఈ మాట అనేవాడు ఎదుటివాడి మగతనాన్ని కొలవడం లేదు; తనకు కావలసిన పనిని అతనితో చేయించుకుంటున్నాడు. అందుకే ఇది ఎప్పుడూ పనికి ముందు వస్తుంది. దీనికి ఎదురుగా ఉన్న ప్రశ్న ‘నువ్వు మనిషివేనా?’ అనేది. అది పని అయిపోయిన తర్వాత వస్తుంది: తండ్రికి అన్నం పెట్టనివాడిని, బాకీ కింద ఇంటి తలుపులు పీకుకుపోయినవాడిని అడిగేది అది. మొదటి ప్రశ్నకు జవాబుగా చేసిన పనికి రెండో ప్రశ్న ఎదురుకావడం మన ఊళ్లలో ఎంత మామూలో అందరికీ తెలుసు.

‘మొగోనివేనా, ఆడదాని మీద చెయ్యి లేపుతవా?’ అన్నప్పుడు ‘మొగోడు’ కూడా పని తర్వాతే వస్తున్నాడు కదా అని ఒకరు ఆక్షేపించారు. నిజమే. అయితే అక్కడ ‘మొగోడు’ స్థానంలో ‘మనిషి’ని పెట్టి చూడండి, వాక్యం చెక్కుచెదరదు. ‘మొగోనివైతే రా’లో ఆ మార్పు చేయలేము, ‘మనిషివైతే రా’ అని ఎవరూ కొట్లాటకు పిలవరు. ఇంకొక తేడా కూడా ఉన్నది. తాగుడు మానినవాడిని ‘ఇప్పుడు మనిషైండు’ అంటాము, జబ్బు నుంచి లేచినవాడినీ అదే మాట అంటాము. అంటే మనిషితనం పోగొట్టుకుని తిరిగి తెచ్చుకోదగినది. మగతనానికి ఆ తిరుగుదారి చెప్పే నుడికారం నాకు ఎక్కడా తగలలేదు.

ఇక పురుషుడి విషయంలో ‘పెద్దమనిషి’. దీనికి తేదీ లేదు, వయసు కూడా ఖాయంగా లేదు. గట్టు తగాదాలో, అన్నదమ్ముల పంపకాలలో, ఆలుమగల పంచాయితిలో ఇరుపక్షాలూ ఒకడిని పిలిస్తే ఆనాడు అతడు పెద్దమనిషి. తనంతట తాను అనిపించుకోలేడు, పిలుపు రావాలి. పిలుపు ఆగిపోతే పెద్దరికమూ ఆగిపోతుంది. ఆడపిల్లకు ఒంటివల్ల వచ్చిన పేరు అతనికి మాటవల్ల వస్తుంది. మాట తప్పినప్పుడు అదే పేరు వెటకారంగా మారుతుంది: ‘ఏం పెద్దమనిషివయ్యా!’ దీనికి తెలంగాణలో చరిత్రే సాక్ష్యం. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరినదాన్ని మనం పెద్దమనుషుల ఒప్పందం అంటాము. ఉద్యోగాలలో స్థానికులకు రక్షణ, మిగులు ఆదాయాన్ని తెలంగాణలోనే ఖర్చు చేయడం, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతంవారు కావడం వంటివి అందులో ఉన్నాయి. అదే ఏడాది నవంబర్ 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. 1969 ఉద్యమానికి ఈ మాటతప్పడం ఒక ప్రధాన కారణం. ఆనాటి నుంచి ఇక్కడి పెద్దతరం ‘పెద్దమనుషుల ఒప్పందం’ అని ఎత్తితే అందులో గౌరవం కన్నా చురకే ఎక్కువ వినబడుతుంది.

పురుషులందు పుణ్యపురుషులు వేరన్న వేమన పద్యాన్ని ఒక మిత్రులు ఉదహరించారు. ఆ పద్యం పురుషుల మధ్య తేడా చూపుతుంది గాని ఆ తేడా దేనివల్ల వస్తుందో చెప్పదు. అది చెప్పిన పద్యం మనకు ఇంకా దగ్గరలో ఉన్నది. పాలకుర్తి పక్కనున్న బమ్మెర పోతన తన భాగవతం మొదట్లోనే ఇలా అన్నాడు:

చేతులారంగ శివునిఁ బూజింపఁడేని
నోరు నొవ్వంగ హరికీర్తి నుడువఁడేని
దయయు సత్యంబు లోనుగాఁ దలఁపఁడేని
గలుగ నేటికిఁ దల్లుల కడుపుఁ జేటు

బడిలో మనం దీనిని భక్తి పద్యంగా వల్లించాము. నెమ్మదిగా చదివితే మరొకటి కనబడుతుంది. మొదటి పాదంలో చేతులున్నాయి, రెండో పాదంలో నోరున్నది, మూడో పాదానికి వచ్చేసరికి అవయవం మాయమై ‘తలఁపఁడేని’ అని తలపు ఒక్కటే మిగిలింది. పైకి కనబడేదాని నుంచి ఎవరికీ కనబడనిదాని దాకా ఆ నడక సాగింది, దయ, సత్యం ఆ కనబడనిచోట ఉన్నాయి. ‘లోనుగా’ అంటే ‘మొదలుగా’ కనుక జాబితా అక్కడితో అయిపోలేదు కూడా. మొదటి మూడు పాదాల చివర ‘ఁడేని’లో ఉన్న ‘డు’ను చూడండి; ఇది మగవాడి గురించి చెప్పిన మాట. అయినా ఇందులో శౌర్యం లేదు, సంపాదన లేదు, వంశం నిలపడం లేదు. కొలిచే చోటు కూడా వింతగా ఉన్నది: ఇవేవీ లేని కొడుకు వల్ల చెడేది తండ్రి పరువు కాదు, తల్లి కడుపు. ‘నా కడుపున చెడబుట్టినవురా’ అని ఈనాటికీ తిట్టే తల్లులు పోతనను చదివి అనడం లేదు. ఇంటింటా వినబడే ఆ మాటనే ఆయన తేటగీతిలోకి ఎక్కించాడని నా అనుకోలు. ‘అయితే’కు బదులు ఇక్కడ ‘ఏని’ ఉన్నది, ఇదీ షరతే. కాని ఆ షరతు ఎవరితోనూ పోటీకి పిలవడం లేదు, ఎవరి ముందూ నెగ్గమనడం లేదు.

చివరగా ములుగు నుంచి ఒక అక్క వేసిన ప్రశ్న. తీర్పు చెప్పే అర్థంలో స్త్రీ పెద్దమనిషి కాలేదా? రుద్రమదేవిని ఆనాటి శాసనాలు చాలాచోట్ల రుద్రదేవ మహారాజని పురుషనామంతోనే పేర్కొన్నాయి. ఓరుగల్లు కోట నుంచి రాజ్యమేలిన ఆమెను కూడా ఆ భాష మహత్తు పక్కకు చేర్చుకుని గాని అంగీకరించలేదు. ఇప్పుడు పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సగం స్థానాలు స్త్రీలవే, ‘సర్పంచమ్మ’ అన్న మాట ప్రతి మండలంలో వినబడుతుంది. అయినా పంచాయితికి ‘పెద్దమనుషులను పిలవండి’ అంటే ఎవరి ఇళ్లకు కబురు వెళుతుందో మీకు తెలుసు. వ్యాకరణం అడ్డు చెప్పదు, ‘మనిషి’కి ‘డు’ లేదని ముందే అనుకున్నాము. అడ్డం వస్తున్నది క్రియ: ‘ఆమె పెద్దమనిషి అయింది’ అంటే వినేవారికి వెంటనే మొదటి అర్థమే తోస్తుంది. అందువల్ల ఆదిలాబాద్, నిర్మల్, కరీంనగర్, భూపాలపల్లి వైపు సభ్యులకు ఒక విన్నపం. మీ ఊళ్లో తగవు తీర్చే స్త్రీ ఉంటే ఆమెను జనం ఏ మాటతో పిలుస్తారో, ఆ మాట తర్వాత ఏ క్రియ వాడతారో, విన్నది విన్నట్టుగా ఇక్కడ రాయండి.