భుజాన పెట్టి పేల్చే ఆయుధాల్లో ప్రతిభారం: సైనికుడికి రక్షణా, అదనపు మోతా?

గోడచాటు:
భుజం మీద పెట్టుకొని పేల్చే యుద్ధట్యాంకు నిరోధక ఆయుధాలు రెండు దారుల్లో నడుస్తున్నాయి. ఒకటి, మండిన వాయువును గొట్టం వెనుకనుంచి మహావేగంతో విడిచిపెట్టే పద్ధతి. స్వీడన్‌వారి 84 మిల్లీమీటర్ల కార్ల్ గుస్తాఫ్ 1948 నుంచి ఇలాగే పనిచేస్తోంది. రెండోది, ప్లాస్టిక్ తునకలనో ఉప్పునీటినో వెనక్కి నెట్టే కౌంటర్‌మాస్ పద్ధతి, అంటే ప్రతిభారం. ఇళ్ల మధ్య, గదుల్లోనుంచి పోరాడవలసి వస్తున్న ఈ కాలంలో అన్ని ఆయుధాలూ రెండో దారికి మళ్లాలని కొందరు వాదిస్తున్నారు. రీకాయిల్‌ను, అంటే పేల్చినప్పుడు భుజానికి తగిలే తన్నును, ప్రతిభారం నిజంగా తగ్గిస్తుందా, లేక బరువు పెంచి ఊరుకుంటుందా అన్నది తేల్చుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ద్రవ్యవేగం:
గోడచాటు గారూ, ప్రశ్నలోనే ఒక చిక్కు ఉంది, ముందు దాన్ని విప్పాలి. భుజానికి తగిలే తన్నును ప్రతిభారం ఎంత తగ్గిస్తుందో, వెనక్కి పోయే వాయువూ అంతే తగ్గిస్తుంది. రెండు కిలోల గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో బయలుదేరిందనుకుందాం. దాని ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, 400 యూనిట్లు. నాలుగు గ్రాముల తూటా సెకనుకు 900 మీటర్లతో పోతే అది 3.6 యూనిట్లు మాత్రమే, అంటే రైఫిల్ తన్నుకు నూరు రెట్లకు మించినదాన్ని భుజం మోయాలి. అది ఎవరి వల్లా కాదు కాబట్టి 400 యూనిట్లూ వెనక్కి పోయి తీరాలి. ఏ రూపంలో పోవాలన్నదొక్కటే మనం ఎంచుకోగలిగింది.

అసలు తేడా గతిశక్తిలో ఉంది. వాయువు సెకనుకు వెయ్యి మీటర్ల వేగంతో పోయేటట్లయితే 0.4 కిలో వాయువు సరిపోతుంది, కానీ అది మోసుకుపోయే శక్తి రెండు లక్షల జౌళ్లు. అదే రెండు కిలోల ప్రతిభారమైతే 200 మీటర్ల వేగం చాలు, శక్తి నలభై వేల జౌళ్లే. ద్రవ్యవేగం మారకుండా ద్రవ్యరాశి ఐదు రెట్లు పెరిగింది కాబట్టి శక్తి ఐదో వంతుకు పడిపోయింది. వెనుకనున్న గోడనూ, కిటికీనూ, పక్కన నిలబడ్డవాడి చెవినీ తాకేది ఈ శక్తే. కాబట్టి ప్రతిభారం పని రీకాయిల్‌ను తగ్గించడం కాదు, రీకాయిల్‌ను రద్దుచేయడానికి చెల్లించే మూల్యాన్ని తగ్గించడం.

ఇది కొత్త ఆలోచనా కాదు. అమెరికా నౌకాదళ అధికారి క్లీలాండ్ డేవిస్ మొదటి ప్రపంచయుద్ధానికి ముందే రెండు ఫిరంగులను వీపులు ఆనించి కలిపినట్టుండే తుపాకీని రూపొందించి, వెనుకవైపుకు సీసపు గుళ్లనూ గ్రీజునూ నింపాడు. విమానంలో అమర్చిన ఫిరంగి తన్నుకు విమానమే చెదరకుండా ఉండాలన్నది ఆయన ఉద్దేశం.

మోత:
ద్రవ్యవేగం గారి లెక్క సరైనదే. అయితే ఆ రెండు కిలోల ప్రతిభారాన్ని కొండ మీదికి ఎవరు మోయాలి? ఆయుధం గొట్టం ఒకసారి మోస్తే చాలు, ప్రతిభారాన్ని మాత్రం ప్రతి గుండుతోపాటు కొత్తగా మోయాలి. కార్ల్ గుస్తాఫ్ మొదటి రకాలు పద్నాలుగు కిలోలకు మించి తూగేవి. దశాబ్దాలు శ్రమించి, టైటానియమూ కార్బన్ నారా వాడి ఎం4 రకాన్ని ఏడు కిలోల దగ్గరకు తెచ్చారు. అలా ఆదా చేసిన బరువును గుండ్లకు తిరిగి ఎక్కించమనడం పదాతి సైనికుడికి న్యాయం కాదు.

వేగం సంగతీ చూడండి. స్వీడన్‌వారి ఏటీ4 గుండు సెకనుకు సుమారు 290 మీటర్ల వేగంతో గొట్టం మూతిని దాటుతుంది. ఉప్పునీటి ప్రతిభారంతో వచ్చిన దాని సి.ఎస్. రకంలో, అంటే ఇరుకు ప్రదేశాలకోసం చేసినదానిలో, అది 220 దగ్గరకు తగ్గింది. గాలి నిరోధాన్ని పక్కనపెట్టి చూసినా, 200 మీటర్ల దూరం పోవడానికి మొదటిదానికి 0.69 సెకను పడితే రెండోదానికి 0.91 సెకను పడుతుంది. సెకనుకు పది మీటర్లు కదిలే వాహనం ఆ తేడాలోనే రెండు మీటర్లకు మించి ముందుకు పోతుంది. గురి తప్పిన గుండుకు రెండో అవకాశం ఉండని చోట ఈ రెండు మీటర్లు చిన్నవి కావు.

పైగా ఇదే సమస్యకు వేరే పరిష్కారం ఉంది. అమెరికావారి మార్గదర్శక క్షిపణి జావెలిన్‌లో చిన్న మోటారు క్షిపణిని మెల్లగా బయటికి తోస్తుంది, సైనికుడికి దూరమయ్యాకే ప్రధాన మోటారు అంటుకుంటుంది. ప్రతిభారం మోసే పనే లేదు.

గోడచాటు:
మెల్లగా బయటికి తోసే పద్ధతి మార్గదర్శక వ్యవస్థ లేని చవక ఆయుధాలకు పనికొస్తుందా? సోవియట్‌వారి చవక రాకెట్ ఆయుధం ఆర్పీజీ-7లోనూ రాకెట్ మోటారు కొన్ని మీటర్లు పోయాకే అంటుకుంటుంది కదా?

ద్రవ్యవేగం:
ఆర్పీజీ-7 ఉదాహరణ నా వైపే మొగ్గుతుంది. దానిలో తొలి తోపును ఇచ్చే పేలుడు మందు వాయువు వెనక్కే పోతుంది కాబట్టి గదిలోనుంచి పేల్చడం ప్రమాదకరమే. రాకెట్ గాలిలో వేగం పుంజుకుంటున్నంతసేపూ పక్కగాలి దాని తోకరెక్కలను నెట్టి ముక్కును గాలివైపు తిప్పుతుంది, దాంతో గురి తప్పుతుంది. నెమ్మదిగా బయలుదేరి దారి సరిచేసుకోవడం జావెలిన్‌కు చెల్లుతుంది, ఎందుకంటే దానికి లక్ష్యాన్ని చూసే కన్నుంది. ఆ కన్ను లేని గుండుకు మూతి దగ్గరే పూర్తి వేగం ఇవ్వాలి, ఇచ్చినంత ద్రవ్యవేగాన్నీ వెనక్కి పంపాలి.

మోత గారు చెప్పిన బరువు నిజమే గానీ, అన్ని ప్రతిభారాలూ ఒకటి కావు. డేవిస్ సీసపు గుళ్లు వెనుకనున్నవాడికి తూటాలతో సమానం, చాలా దూరం పోతాయి. 1970ల్లో జర్మనీలో తయారైన ఆర్మ్‌బ్రస్ట్ వేలాది ప్లాస్టిక్ తునకలను వాడింది. బరువుకు మించిన వైశాల్యం ఉండే పలుచని తునకలు కాబట్టి గాలి వాటిని కొద్ది దూరంలోనే ఆపేస్తుంది. అంతకంటె మెచ్చుకోదగ్గది దాని గొట్టం లోపలి ఏర్పాటు. మందు మండినప్పుడు ఒక ముషలకం (పిస్టన్) గుండును ముందుకూ, మరొకటి తునకలను వెనక్కీ నెట్టి, రెండూ గొట్టం కొసల్లోనే ఆగిపోయి వాయువును లోపలే బంధిస్తాయి. మంట, పొగ దాదాపుగా బయటపడవు. వెనుక గోడ 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా దాన్ని పేల్చవచ్చు. మొత్తం ఆయుధం బరువు 6.3 కిలోలే. జర్మనీవారి పాన్‌జర్‌ఫౌస్ట్ 3, అలాగే సింగపూర్, ఇజ్రాయెల్, జర్మనీ కలిసి తెచ్చిన మటడోర్ కూడా ప్రతిభారం దారిలోనివే.

శ్రవణం:
ఇంతవరకూ లక్ష్యం గురించీ బరువు గురించీ మాట్లాడుకున్నాం. పేల్చేవాడి తల గురించి మాట్లాడకుండా ఈ ప్రశ్న తేలదని నా గట్టి నమ్మకం. ఒక గోడకు నేరుగా తగిలిన బలహీనమైన పేలుడు తరంగం దాదాపు రెట్టింపు పీడనంతో తిరిగివస్తుంది. తరంగం బలమైనదైతే రెట్టింపు కూడా దాటుతుంది. గదిలో నాలుగు గోడలూ, నేలా, కప్పూ ఉంటాయి కాబట్టి ఒకే దెబ్బ పలుమార్లు తగులుతుంది. కర్ణభేరి, ఊపిరితిత్తులు ముందు దెబ్బతింటాయని చాలాకాలంగా తెలుసు. మెదడు మీద పడే ప్రభావాన్ని మాత్రం ఆలస్యంగా పట్టించుకున్నారు.

అమెరికా రక్షణ శాఖ 2024 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం చదరపు అంగుళానికి 4 పౌండ్ల అధిపీడనాన్ని (మామూలు గాలి పీడనానికి మించిన పీడనాన్ని), అంటే సుమారు 28 కిలోపాస్కల్‌లను, జాగ్రత్త పడవలసిన హద్దుగా తీసుకుంది. భుజాన పెట్టి పేల్చే భారీ ఆయుధాలను ఆ హద్దు దాటేవాటిలో లెక్కించింది. కార్ల్ గుస్తాఫ్ వంటి ఆయుధానికి ఒక సైనికుడు ఒక రోజులో ఇన్నే పేల్చాలన్న పరిమితి అంతకుముందునుంచే ఉంది. యుద్ధంలో ఒక సైనికుడు పేల్చేవి కొన్నే కావచ్చు, కానీ శిక్షణ మైదానంలో ఒక్కో జట్టు పక్కన నిలబడే శిక్షకుడు ఆ దెబ్బలన్నీ తానే తింటాడు. మోత గారు కొండ మీదికి మోసే రెండు కిలోలను లెక్కించారు. ఈ మోతను ఏళ్లతరబడి తలలో భరించేవాణ్ణీ ఆ లెక్కలో చేర్చాలి.

మోత:
శ్రవణం గారూ, ఆ శిక్షకుడి పట్ల నాకూ మీ అంత ఆవేదనే ఉంది. అయితే దానికి పరిష్కారం ప్రతిభారం కాదు. కార్ల్ గుస్తాఫ్ గొట్టంలో 20 మిల్లీమీటర్లవి, 7.62 మిల్లీమీటర్లవి చిన్న శిక్షణ తూటాలు పేల్చే అమరికలు ఉన్నాయి. గురిపెట్టడం, దూరం అంచనా వేయడం, గుండు నింపడం వాటితోనే నేర్పవచ్చు. అసలు గుండ్లను చివరి పరీక్షకు అట్టిపెట్టుకోవచ్చు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ప్రతిభారం గొట్టం వెనుక కొసను నెమ్మదింపజేస్తుంది సరే, ఉప్పునీటి రకాల్లో ముందు మూతినుంచి కూడా వాయువు బయటపడుతుంది. ఆర్మ్‌బ్రస్ట్ లాగా రెండు కొసలనూ మూసేవి తప్ప, మిగిలినవాటిలో పేల్చేవాడి చెవికి దగ్గరగా ఉన్న ఆ మూతి శబ్దం మిగిలే ఉంటుంది.

శ్రవణం:
చిన్న తూటాలతో శిక్షణను నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ అసలు గుండు దెబ్బ ఎలా ఉంటుందో ఎరగని సైనికుడిని నేరుగా గదిలోకి పంపి పేల్చమనడం కూడా సరికాదు. మూతి సంగతి మాత్రం ఒప్పుకుంటున్నాను. కొలతలు వెనుక కొస దగ్గరే కాకుండా పేల్చేవాడి రెండు చెవుల దగ్గరా, సహాయకుడి తల దగ్గరా తీసుకోవాలి.

ద్రవ్యవేగం:
ప్రతి ఆయుధమూ ప్రతిభారానికి మారాలని నేను అనడం లేదు. ఒకసారి పేల్చి పారేసేవి, మార్గదర్శక వ్యవస్థ లేనివి, ఇళ్ల మధ్య వాడేందుకు ఇచ్చేవి మాత్రం ప్రతిభారంతోనే రావాలి. వాటిని మోసేవాడు ఎలాగూ ఒకటో రెండో మోస్తాడు కాబట్టి మోత గారి అభ్యంతరం అక్కడ బలహీనపడుతుంది. మళ్లీ మళ్లీ నింపే ఆయుధానికి రెండు రకాల గుండ్లూ ఉండాలి. కార్ల్ గుస్తాఫ్‌కు ఇరుకు ప్రదేశాలనుంచి పేల్చేందుకు 655 సి.ఎస్. అనే గుండు ఇప్పటికే ఉంది. బయట మైదానంలో మామూలు గుండు, పట్టణంలో అడుగుపెట్టే దళానికి ఆ గుండు అన్న పంపకం దళనాయకుడు బయలుదేరే ముందే చేయగలిగినది. ఏ గుండు ఎంత చిన్న గదిలో, వెనుక ఎంత ఖాళీ ఉంటే పేల్చవచ్చో ఆ గుండు పెట్టె మీదే పెద్ద అక్షరాలతో ముద్రించాలి.

మోత:
ఆ పంపకానికి నాకు అభ్యంతరం లేదు. ఒకసారి పేల్చి పారేసేవాటికి మాత్రం, 220 మీటర్ల వేగానికి తగ్గట్టుగా గురికొలబద్దనూ శిక్షణనూ మార్చి ఇచ్చాకే సరేనంటాను.