నూబియా శిథిలాల ఫోటోలు లొకేషన్‌తో సహా నెట్లో పెట్టొచ్చా?

నైలుఒడ్డు: 2018లో ఉత్తర సూడాన్ వెళ్లి, పాత నూబియా ప్రాంతంలోని కెర్మా, టోంబోస్‌లలో తీసిన 600 ఫోటోలు నా దగ్గరున్నాయి. కెర్మాలో మట్టి ఇటుకల డెఫూఫా (పురాతన గుడి కట్టడం) ఇప్పటికీ దాదాపు 18 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక ఖార్టూమ్ మ్యూజియాన్నే దోచుకున్నారు. రేపు ఇవీ మిగలకపోతే? అందుకే లొకేషన్‌తో సహా పెట్టేద్దామనుకుంటున్నా.

పాతరాయి: ఫోటోలు పెట్టండి, లొకేషన్ తీసేయండి. 2020లో సూడాన్‌లోనే జబల్ మరాఘా అనే రెండు వేల ఏళ్ల నాటి చోటును బంగారం కోసం ప్రొక్లెయిన్లతో 17 మీటర్ల లోతున తవ్వేశారు.

నైలుఒడ్డు: నా ఫోటోలు చూసి తవ్వారా? 1834లో ఫెర్లీని అనే ఇటలీవాడు సూడాన్‌లోని మెరోయి పిరమిడ్లను కూలగొట్టి, ‘అమనిషఖెతో’ అనే రాణి నగలు పట్టుకుపోయాడు. అప్పుడు లొకేషన్ ఎవరిచ్చారు?

చిన్నమాట: ఆఫ్ చేస్తే పోయేదానికి ఇంత గొడవ దేనికండీ?

పాతరాయి: డెఫూఫా సంగతి సరే. టోంబోస్ బండల మీద శాసనాలు ఆరుబయట ఉన్నాయి. వాటి లొకేషన్ ఇస్తే దొంగలకు దారి చూపినట్టు కాదా? ముందు దానికి జవాబు చెప్పండి.

మునకఊరు: మా తాత ఊరు శ్రీశైలం నీళ్లలో పోయింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు, మంచిదే. మా ఇంటికి మాత్రం ఒక్క ఫోటో లేదు. అరుగు ఎంత పొడుగుండేదో నాయనమ్మ చేతులు చాపి చూపించేది.

పాతరాయి: ఇది సూడాన్ చర్చ. మీ బాధ వేరే చోట చెప్పుకోండి.

మునకఊరు: వేరే ఎలా అవుతుంది? ఈజిప్టులో నైలు మీద అస్వాన్ హై డ్యామ్ కట్టినప్పుడు అబూ సింబెల్ పాత గుళ్లను కోసి 65 మీటర్లు పైకి చేర్చారు, ప్రపంచమంతా ఫోటోలు తీసింది. అదే నీటికి సూడాన్‌లో వాది హల్ఫా ఊరు మునిగితే అక్కడి నూబియన్లను రైళ్లలో దూరంగా ఖష్మ్ అల్ గిర్బాకు తరలించారు. నైలు మీదే కజ్బార్ డ్యామ్ వద్దని 2007లో రోడ్డెక్కితే నలుగురిని కాల్చి చంపారు. అది మీరు తిరిగిన ప్రాంతమే. మీ 600లో మనుషులున్నవి ఎన్ని?

నైలుఒడ్డు: నేనేదో దొంగతనం చేసినట్టు నిలదీస్తున్నారేంటి? సొంత డబ్బుతో, ఆ ఎండలో తిరిగి తీశాను. రాళ్ల కోసం వెళ్లినవాణ్ని రాళ్లు తీయక ఏం తీస్తాను?

మునకఊరు: ఆ రాళ్ల పక్కనే వాళ్లు బతుకుతున్నారు కదండీ. నా గొడవంతా అదే.

నైలుఒడ్డు: రెండు రోజులు కూర్చుని అన్నీ చూశాను. మనుషులున్నవి పదకొండు. టోంబోస్‌లో సగం చెక్కి వదిలేసిన గ్రానైట్ విగ్రహం దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉంటే, పక్కకు జరిగేదాకా ఆగి మరీ తీశాను. తర్వాత ఆయనే ఇంటికి తీసుకెళ్లి ఖర్జూరాలు పెట్టాడు. గుమ్మం పైన గోడలో పింగాణీ పళ్లేలు పొదిగి ఉన్నాయి, ఒకటి అంచు విరిగింది. అదంతా గుర్తుంది, ఫోటో మాత్రం లేదు. ఆ పదకొండే ముందు పెడతాను. టోంబోస్ లొకేషన్ తీసేస్తా, డెఫూఫాది ఉంచుతా.

పాతరాయి: డెఫూఫాది కూడా తీసేయండి. యుద్ధం జరుగుతోంది, ముఖాలు కనిపించేవి అసలే పెట్టకండి.

మునకఊరు: ఆ పెద్దాయనకు కబురు పంపే దారి ఉంటే ముందు ఆయన్నడగండి.