మూడు ఎనిమిదులు పెట్టుకుని చెక్ అనడం తప్పా?

కోటవెనుక (విజయనగరం)

కనుమ రాత్రి మా మేడ మీద జరిగిన ఆట ఇది. నాలుగు రోజులుగా బుర్రలోంచి పోవడం లేదు. మీరే తీర్పు చెప్పండి.

ఆరుగురం కూర్చున్నాం. టెక్సాస్ హోల్డెమ్ పోకర్, చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. డబ్బు లేదు, తలకు 200 చింతపిక్కలు. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన పందేలు) ఒకటి, రెండు. నాకు డైమను ఎనిమిది, కళావరు ఎనిమిది వచ్చాయి. ఆరుకు పెంచాను. ముగ్గురు వచ్చారు, అందులో పెద్ద బ్లైండ్‌లో ఉన్న మా చిన్న బావ ఒకడు. చిన్న బ్లైండ్ తన ఒక్క పిక్కా వదులుకుని ముక్కలు పారేశాడు. మధ్యలో 25.

ఫ్లాప్‌లో (బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు) ఇస్పేటు ఎనిమిది, ఇస్పేటు జాకీ, ఆఠీను నాలుగు పడ్డాయి. చేతిలో జత ఉన్నవాడికి ఫ్లాప్‌లో మూడోది కలవడం ఎనిమిది, తొమ్మిది సార్లకు ఒకసారి. అలాంటిది కలిసింది కదా, అందరినీ తరిమేయడం ఎందుకు, ఎవరో ఒకరు పందెం వేస్తారులే అనుకున్నాను. బావ పందెం వేయకుండా చెక్ అన్నాడు, ఇంకొకరూ చెక్, నేనూ ఆవలిస్తూ చెక్, చివరివాడూ చెక్.

టర్న్‌లో (నాలుగో ముక్క) ఇస్పేటు రెండు. బావ తన పిక్కలను పదేసి చొప్పున కుప్పలు పేర్చుకుంటాడు. చివరి రెండు కుప్పలను చూపుడువేలితో ముందుకు నెట్టాడు, ఒక్క పిక్క కూడా దొర్లలేదు. 20. నేనూ అంతే పెట్టి కాల్ చేశాను, మిగతా ఇద్దరూ తప్పుకున్నారు. రివర్‌లో (ఆఖరిదైన అయిదో ముక్క) డైమను రాజు. బావ ఈసారి ఆరు కుప్పలు నెట్టాడు. నేను మళ్లీ కాల్. ఇస్పేటు ఆసు, ఇస్పేటు అయిదు తిప్పి చూపించాడు. ఫ్లష్, అయిదూ ఇస్పేట్లే. నావి 86 పిక్కలు ఆయన టిఫిను డబ్బాలోకి వెళ్లిపోయాయి.

ఫ్లాప్‌లో నేను చెక్ అనడం తప్పా, లేక వట్టి దురదృష్టమా?

లెక్కల మాస్టారు (బొబ్బిలి)

తప్పే. అందులో సందేహం లేదు.

బల్ల మీద రెండు ఇస్పేట్లున్నాయి, ఎదురుగా ముగ్గురున్నారు. అంతమందిలో ఎవరో ఒకరి చేతిలో రెండు ఇస్పేట్లు ఉండటం వింత కాదు. మీరు చెక్ అనడం అంటే అతనికి టర్న్ ముక్కను ఊరికే ఇచ్చినట్టు. బావ వైపు నుంచి చూడండి. ఆయనకు తెలియని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు 9. అంటే తర్వాతి ముక్కతో ఫ్లష్ కుదిరే అవకాశం 19 శాతం. రెండు ముక్కలూ చూడనిస్తే 35 శాతం.

మీరు 18 పందెం వేసి ఉంటే, మధ్యలో ఉన్న 43 కోసం ఆయన 18 పెట్టాలి. ఆ ధర గిట్టాలంటే దాదాపు 30 శాతం అవకాశం కావాలి, ఆయనకున్నది 19. వచ్చినా తప్పు చేసినవాడు ఆయనే అయ్యేవాడు. మీరు ఆ తప్పు చేసే అవకాశమే ఆయనకు ఇవ్వలేదు.

గాలం (కళింగపట్నం)

మాస్టారూ, కాగితం మీద బాగుంది. కానీ ఆసు ఇస్పేటు చేతిలో ఉన్న బావ 18 పిక్కలకు లేచిపోతాడా? కాల్ చేస్తాడు. ఆ ఇస్పేటు రెండు ఎలాగూ పడుతుంది. అప్పుడు కోటవెనుక గారికి పోయేవి 86 కాదు, 104 లేదా అంతకంటే ఎక్కువ. పైగా ఫ్లష్ కుదిరాక ఆయన దగ్గర ఇంకా లాగుతాడు కదా, ఆ లాభాన్ని మీ 30 శాతం లెక్కలో ఎక్కడ కలిపారు?

గాలం వేసినవాడు బెండు కదలగానే లాగడు. చేప మింగాలి. నా సంగతి చెబుతాను. నాకు రెండు రాజులు. ఫ్లాప్‌లో రాజు, అయిదు, అయిదు, మూడూ మూడు రంగులు. ఫుల్‌హౌస్! మూడు రాజులు, రెండు అయిదులు. పందెం వేస్తే బల్ల ఖాళీ. చెక్ అన్నాను. టర్న్‌లో ఆసు పడింది, ఆసు చేతిలో ఉన్న తోడల్లుడు పూనకం వచ్చినట్టు పందెం మీద పందెం వేశాడు. మొత్తం ఊడ్చేశాను. ఇప్పటికీ నాతో మాట్లాడేటప్పుడు ఆ ఊసు రానివ్వడు.

కోటవెనుక (విజయనగరం)

నా సందేహం కూడా గాలం గారిదే. ఆ రాత్రి పందెం వేసి ఉంటే ఇంకా ఎక్కువ పోయేవి కదా?

లెక్కల మాస్టారు (బొబ్బిలి)

ఆ రాత్రి పోయేవి. ఎవరు కాదన్నారు? కానీ ఇస్పేటు పడిన తర్వాత కూర్చుని ఫ్లాప్ నాటి నిర్ణయానికి మార్కులు వేయకూడదు. అదే ఫ్లాప్‌ను వందసార్లు పంచండి. ఎనభై సార్లకు పైగా టర్న్‌లో ఇస్పేటు రాదు, ఆ ప్రతిసారీ బావ 18 పిక్కలు మధ్యలో వదిలినవాడే. ఆ పద్దును మీరిద్దరూ చూడటం లేదు. ఇంకో మాట. ఇస్పేటుల్లో ఒకటి నాలుగు. అది పడితే బావకు ఫ్లష్, మీకు ఫుల్‌హౌస్. ఆ రోజు టిఫిను డబ్బా మీ దగ్గర ఉండేది.

గాలం గారి ప్రశ్న న్యాయమైనదే. ఫ్లష్ కుదిరాక బావ మరింత లాగగలడు. అయితే ఎంత లాగగలడన్నది అవతలివాడు ఎంత ఇస్తాడన్నదాని మీద ఉంటుంది. మూడో ఇస్పేటు పడ్డాక చేయి వెనక్కి తీసుకోవడం మీ చేతిలోనే ఉంది. టర్న్‌లో 20 ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను. బావ దగ్గర జాకీ ఉండవచ్చు, లేదా మీకు ఫుల్‌హౌస్ పడే ముక్కలు 46లో 10 ఉన్నాయి, 22 శాతం. రివర్‌లో ఆరు కుప్పలకు కాల్ చేశారే, నా లెక్కలో అది రెండో తప్పు. బావ ఎప్పుడైనా ఉత్తి చేత్తో ఆరు కుప్పలు నెట్టాడా?

కోటవెనుక (విజయనగరం)

పెళ్లయిన పదకొండేళ్లలో ఒక్కసారి కూడా లేదు.

పాత ఆటలు (విజయనగరం)

అందరూ 1988 మరచిపోయారు. లాస్ వెగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్, ఆఖరి ఆట, జానీ చాన్, ఎరిక్ సైడెల్. చాన్ చేతిలో కళావరు జాకీ, తొమ్మిది. ఫ్లాప్‌లో రాణి, పది, ఎనిమిది. స్ట్రెయిట్ (వరస అంకెల అయిదు ముక్కలు) కుదిరిపోయింది, అప్పటికి అంతకు మించిన ఆట లేదు. చాన్ పిల్లిలా నక్కి కూర్చున్నాడు. సైడెల్ వేసిన పందేనికి కాల్ చేశాడు, టర్న్‌లో ఇద్దరూ చెక్. రివర్‌లో సైడెల్ తన దగ్గరున్నదంతా తోసేశాడు. అంతటితో ఆట అయిపోయింది. అంతకు ముందు ఏడాది గెలిచినవాడూ చానే. ఓపికకు అంతకంటే సాక్ష్యం కావాలా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

ఆ ఆటను అందరూ చెబుతారు కానీ, బల్ల దగ్గర ఎంతమంది ఉన్నారో ఎవరూ చెప్పరు. ఇద్దరే. ఆ ఫ్లాప్‌లో మూడు ముక్కలూ మూడు రంగులు, ఫ్లష్ భయం దాదాపు లేదు. సైడెల్ చేతిలో రాణి ఉంది, అంటే పందెం వేయడానికి అతనికి కారణం ఉంది. గాలం గారి రాజుల ఆట కూడా అలాంటిదే. ఆ ఫుల్‌హౌస్‌ను ఉచిత ముక్క ఓడించడం చాలా అరుదు, కానీ ఎదుటివాడికి ఒక ఆసు పడితే ఆశ పుడుతుంది. కోటవెనుక గారి ఫ్లాప్‌లో పుట్టేది బావ ఆశ కాదు, బావ ఫ్లష్.

నా వరకు అసలు ప్రశ్న ముక్కల గురించే కాదు. ఎదురుగా కూర్చున్నది ఎవరు? మా ఇంట్లో ఆదివారాలు ఆడతాం. మా అత్తగారు ఏ పందేనికైనా కాల్ చేస్తారు. చేతిలో ఏడు, మూడు ఉన్నా “చూద్దాం అమ్మా, ముక్కేగా” అంటారు. ఆవిడ ముందు నేను నక్కి కూర్చుంటే నష్టపోయేది నేనే. పెద్ద పందేలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మనిషి దగ్గర అడగకుండా కూర్చోవడం ఏమిటి? మా మరిది వేరు. ఎవరైనా చెక్ అంటే చాలు, దాన్ని బలహీనత అనుకుని పిక్కలన్నీ తోస్తాడు. మరిది ముందు ఎన్నిసార్లు చెక్ అన్నానో లెక్క లేదు, ఇప్పటికీ నేర్చుకోలేదు.

బావ పందేనికి వచ్చే రకమా, పందెం వేసే రకమా? అది మొదటి ప్రశ్నలోనే రాయాల్సింది.

కోటవెనుక (విజయనగరం)

వచ్చే రకం. చేతిలో సరుకు లేకుండా తనంతట తాను పందెం వేయడు. కాల్ మాత్రం ఎంతకైనా చేస్తాడు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

మరి ఎవరి పందెం కోసం ఎదురు చూశారండీ!

కొత్తగా నేర్చుకుంటున్నాను (ఆముదాలవలస)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. రెండు ఆసులు వచ్చినప్పుడు మొదట్లోనే పెంచకుండా ఊరుకుంటే ఎలా ఉంటుంది? నేను అలాగే చేస్తున్నాను, ఎక్కువగా ఓడిపోతున్నాను.

లెక్కల మాస్టారు (బొబ్బిలి)

రెండు ఆసులు 221 పంపకాలకు ఒకసారి వస్తాయి. ఏవో ముక్కలతో ఉన్న ఒక్కరి మీద చివరిదాకా ఆడితే గెలుపు 85 శాతం. నలుగురిని లోపలికి రానిస్తే 56 శాతం. మీరు తలుపు తీసి పెట్టి దొంగలు పడ్డారంటున్నారు. పెంచండి.

నిర్వాహకుడు

ఒక మాట. ఇద్దరు సభ్యులు డబ్బుతో ఆడే యాప్‌ల పేర్లు రాశారు, ఆ వ్యాఖ్యలు తీసేశాను. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఇక్కడ చింతపిక్కల గురించి మాత్రమే.

గాలం (కళింగపట్నం)

సరే, రెండు ఇస్పేట్లు, ముగ్గురు మనుషులు, కాల్ చేసే బావ. ఈ ఆటలో చెక్ తప్పని ఒప్పుకుంటున్నాను. కానీ “బలమైన ముక్కలుంటే పందెం వేయాల్సిందే” అని మాస్టారు సూత్రం చేస్తే మాత్రం ఒప్పుకోను. ఎప్పుడూ బలం ఉన్నప్పుడే పందెం వేసేవాడు చెక్ అన్నాడంటే చేతిలో ఏమీ లేదని చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. అప్పుడప్పుడు మూడు ఎనిమిదులతో చెక్ అంటేనే, రేపు వట్టి చేతులతో చెక్ అన్నప్పుడు ఎదుటివాడు జంకుతాడు.

లెక్కల మాస్టారు (బొబ్బిలి)

జంకేవాడైతే. బావ జంకడని ఇప్పుడే చెప్పారు కదా.

గాలం (కళింగపట్నం)

మీ బొబ్బిలి వాళ్లతో వాదించి గెలిచినవాడు లేడు లెండి.

కోటవెనుక (విజయనగరం)

నిన్న రాత్రి మళ్లీ కూర్చున్నాం. నమ్మండి నమ్మకపోండి, చేతిలో రెండు ఆరులు, ఫ్లాప్‌లో ఆరు, రెండు ఆఠీన్లు. ఈసారి మీ మాట విని వెంటనే 12 పందెం వేశాను. అందరూ ముక్కలు పారేశారు, బావ కూడా. నాకు దక్కినవి తొమ్మిది పిక్కలు.

బావ ముక్కలు చూపించమని అరగంట అడిగాడు. చూపించలేదు. ఈ ఉదయం అక్కయ్య దగ్గర ఫోను లాక్కుని మళ్లీ అడిగాడు.