అప్‌డేట్: వాన పడితే బోరు మోటర్‌కు ఆర్‌సీసీబీ ట్రిప్ – తేడా భూమిలోని కేబుల్‌లో

వాన పడ్డప్పుడల్లా బోరు మోటర్ ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, కారణం దొరికింది. మోటర్, స్టార్టర్ బాగానే ఉన్నాయి. కెపాసిటర్‌కూ దీనికీ సంబంధమే లేదు. "కేబుల్ రెండు వైపులా విప్పి మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటర్) పెట్టించండి" అన్నవారికి థాంక్స్, అదే పట్టించింది. ఎలక్ట్రీషియన్ తవ్విస్తే గేటు పక్కన జానెడు లోతులోనే ఉంది కేబుల్! పలుగు దెబ్బకు పైతొడుగు చీలి, లోపలి రాగికి పచ్చగా చిలుము పట్టింది. వాన తడికి అక్కడే కరెంటు లీకయ్యేది. అతుకు వద్దని మొత్తం కేబుల్ తీసేసి ఆర్మర్డ్ కేబుల్ (లోపల లోహపు కవచం, అంటే ఆర్మర్ ఉండేది) వేశాం. రెండున్నర అడుగుల లోతున, కిందా పైనా ఇసుక పోసి, ఇటుకలు పరిచి, కొంత మట్టి పూడ్చాక వార్నింగ్ టేపు వేశారు. బండ్లు తిరిగే గేటు దగ్గర మాత్రం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులోంచి లాగారు. ఆర్మర్‌కు ఎర్త్ ఇచ్చారో లేదో దగ్గరుండి చూసుకోండి, చాలాచోట్ల వదిలేస్తుంటారు. తర్వాత గట్టి వానలు పడ్డా ట్రిప్ కాలేదు.