కళ్ళు అటూ ఇటూ కదిపితే భయం పోతుందా? మా తమ్ముడి కోసం అడుగుతున్నాను

లంక అన్నయ్య:
మాది వశిష్ఠ పాయలో లంక ఊరు. పోయిన వరదల్లో నాటుపడవ తిరగబడి మా తమ్ముడి స్నేహితుడు కొట్టుకుపోయాడు. తమ్ముడు ఈదుకుంటూ బయటపడ్డాడు. అప్పటినుంచి రేవు వైపు చూడడు. పంటు ఇంజన్ చప్పుడు వింటే చెమటలు పట్టేస్తాయి, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తాడు. కాలేజీ మానేశాడు. ఎలాగో ఏరు దాటించి రావులపాలెంలో మేనత్త ఇంట్లో ఉంచాం. రాజమండ్రి డాక్టరుగారు మందులు రాసి, ఈఎండీఆర్ అనే చికిత్స చేసే సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. జరిగింది మనసులో తలుచుకుంటూ, ఆవిడ అటూ ఇటూ కదిపే వేలిని కళ్ళతో వెంబడించాలట. ఖర్చు పెడుతున్న మా బాబాయి ఇది మోసం అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలకొల్లు అబ్బాయి:
ముందు ఆంజనేయస్వామి గుడిలో తాయెత్తు కట్టించండి అన్నా.

కొత్తపేట మాస్టారు:
మీ బాబాయి చెప్పింది నిజం. ఇది 1987లో అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో అనే ఆవిడ పార్కులో నడుస్తుంటే పుట్టిన ఆలోచన. తన కళ్ళు అటూ ఇటూ కదులుతుంటే మనసులో బాధ తగ్గినట్టు అనిపించిందట. 1989లో పత్రికలో వేసింది. సరే, పరీక్షించారు. కళ్ళు కదిపి చేసిన చికిత్సనీ, కదపకుండా చేసిన అదే చికిత్సనీ పోల్చిన పరిశోధనలన్నీ కలిపి 2001లో లెక్క తీస్తే తేడా కనిపించలేదు. అంటే పనిచేసేది ధైర్యంగా ఆ జ్ఞాపకాన్ని మళ్ళీ ఎదుర్కోవడం. అది పాత పద్ధతే. మరి వేలు ఎందుకు? నా ప్రశ్న అదొక్కటే.

గౌతమి:
మాస్టారూ, 2001 దగ్గరే ఆగిపోయారు. 2013లో మళ్ళీ లెక్క తీశారు, అప్పుడు కళ్ళ కదలిక వల్ల అదనపు ప్రయోజనం ఉందనే తేలింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి, అంటే ఘోరం ఏదైనా జరిగాక ఆ భయం మనసుని వదలని జబ్బుకి, ఈఎండీఆర్‌ని సిఫారసు చేసింది. ఏ జబ్బుకి ఏ చికిత్స ఇవ్వాలో చెప్పే బ్రిటన్ వాళ్ళ సంస్థ నైస్ 2018లో పెద్దవాళ్ళకి ఇవ్వమంది, యుద్ధం వల్ల మనసుకి అయిన గాయాలకి తప్ప. వేలు ఎందుకంటే, ఒకేసారి జ్ఞాపకాన్నీ పట్టుకుని వేలినీ వెంబడించాలంటే బుర్రలో చోటు చాలదు, ఆ దృశ్యం పదును తగ్గుతుంది. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. కొందరు వేలు బదులు చేతుల మీద తట్టి కూడా చేస్తారు.
నేను కాకినాడలో చేయించుకున్నాను. ఎందుకో ఇక్కడ రాయను. ఇప్పుడు నిద్రపోతున్నాను.

కొత్తపేట మాస్టారు:
మీరు నిద్రపోవడం సంతోషం, అది రుజువు కాదు. కాలం గడిచినా తగ్గేదేమో. 96 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో ఎన్ని ఇళ్ళు పోయాయి, ఎన్ని వందల ప్రాణాలు పోయాయి! కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. మా ముందు ఎవరూ వేళ్ళు ఆడించలేదు. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుని, ఏడ్చి, బతికాం.

ముమ్మిడివరం చెరువులు:
బతికారండి. గాలి గట్టిగా వీస్తే మంచం కింద దూరే మా మేనత్త కూడా బతికే ఉందండి, ఇప్పటికీ.

నర్సమ్మ:
పీటీఎస్‌డీకి ఆధారం గట్టిగా ఉంది. మామూలు టెన్షన్, పరీక్షల భయం, పానిక్ లాంటివాటికి అంత బలంగా లేదు. రెండూ కలిపేసి కొట్టుకోకండి. మూర్ఛ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. డాక్టరుగారిని అడక్కుండా మందులు ఆపకూడదు. మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఉచితంగా తెలుగులోనే ఫోన్ చేయొచ్చు.

కొత్తపేట మాస్టారు:
ఇప్పటికీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. వేలు లేకుండా చేస్తే ఏం తక్కువ? మా అబ్బాయికి బైక్ యాక్సిడెంట్ తర్వాత ఇదే చేయించాం. ఒకాయన హోటల్ హాల్లో క్యాంపు పెట్టి, మొదటి రోజే వేలు ఆడించి అంతా తలుచుకోమన్నాడు. వాడు అక్కడే కూలబడ్డాడు. నాలుగేళ్ళయింది, ఆ రోజు రోడ్డు మీద ఏం జరిగిందో నాకు ఈ రోజుకీ చెప్పడు.

గౌతమి:
హోటల్ హాల్లో క్యాంపు! అది ఈఎండీఆర్ కాదండీ. అందులో ఎనిమిది దశలు. ముందు చరిత్ర తెలుసుకోవాలి, తర్వాత భయం పొంగినప్పుడు నిలదొక్కుకోవడం నేర్పాలి, ఆ తర్వాతే జ్ఞాపకం జోలికి వెళ్ళాలి. మీ కోపం ఆయన మీద ఉండాలి, మా అందరి మీదా కాదు.

కొత్తపేట మాస్టారు:
నా కోపం ఎవరి మీద ఉండాలో మీరు చెప్పక్కర్లేదు. కన్న తండ్రికి చెప్పలేనిది ఎవరో పరాయి మనిషి ముందు కూర్చుని చెప్పుకోవాలా? ఇంట్లోవాళ్ళు చచ్చారా?

గౌతమి:
అదీ మీ బాధ. ఇంతసేపూ వేలు వేలు అన్నారు. మాస్టారూ, నేను ఆ గదిలో కూడా అంతా చెప్పలేదు. చెప్పమని ఆవిడ అడగలేదు. ఆ దృశ్యం తలుచుకుని, బాధ సున్నా నుంచి పదిలో ఎంత ఉందో అంకె చెబితే చాలు. పూసగుచ్చినట్టు వర్ణించక్కర్లేదు, అందుకే నేను వెళ్ళగలిగాను. మా నాన్నగారు రోజూ అడిగేవారు, "ఏం జరిగిందమ్మా, నాకు చెప్పు" అని. ప్రేమతోనే అడిగేవారు. అడిగిన ప్రతిసారీ నాకు మళ్ళీ జరిగేది.

కొత్తపేట మాస్టారు:
అయితే తండ్రి ఏం చేయాలి? తలుపు బయట కూర్చోవాలా?

గౌతమి:
కూర్చోవాలి. మా నాన్నగారు కూర్చున్నారు.

పాలకొల్లు అబ్బాయి:
మాస్టారికి తెలియక్కర్లేదంటే ఎలా అక్కా? రేపు పెళ్ళి సంబంధం వాళ్ళు అడిగితే?

నర్సమ్మ:
2017 మానసిక ఆరోగ్య చట్టంలో చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు రాసే ఉంది బాబూ. సంబంధం వాళ్ళకి అక్కడ చోటు లేదు.

లంక అన్నయ్య:
మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే గొడవ. డబ్బు పెడుతున్నాను కాబట్టి లోపల కూర్చుంటానని బాబాయి అంటున్నాడు. ఆయనొస్తే నేను రానని తమ్ముడు. బుధవారం బాబాయిని రాజమండ్రి తీసుకెళ్ళను. సైకాలజిస్ట్‌గారిని ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగాను, నంబరు పంపారు.

కొత్తపేట మాస్టారు:
ఆ నంబరు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో సరిచూడు బాబూ. మొదటి రోజే పడవ సంగతి తలుచుకోమంటే తమ్ముణ్ణి లేపి తీసుకొచ్చెయ్. వేలి విషయంలో నా మాట మారదు.

గౌతమి:
నాదీ మారదు. అయినా మీ అబ్బాయికి మళ్ళీ చూపించాలనుకుంటే నాకు మెసేజ్ పెట్టండి, నేను వెళ్ళిన చోటు చెబుతాను.